పిల్లవాడు బాలమందిరంలో ఉన్నాడని ఫోన్ వస్తే

బెంగళూరులో మనవాళ్ళు "జువెనైల్ కోర్టు" అని ఒకే మాట వాడతారు గానీ, ఆ మాట వెనక మూడు తలుపులున్నాయి. హిందూపురంలో రైలెక్కి వచ్చేసిన పన్నెండేళ్ళ పిల్లవాడు మెజెస్టిక్ స్టేషన్‌లో పోలీసుల కంటపడితే అది బాలల సంక్షేమ సమితి చూసే విషయం. పదహారేళ్ళవాడు బైకు దొంగతనంలో ఇరుక్కుంటే బాల న్యాయ మండలి. ఆలుమగలు విడిపోయి బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేలకపోతే ఫ్యామిలీ కోర్టు. ఒకచోట తేలాల్సింది ఇంకోచోట తేలదు. మారతహళ్ళిలో ఉండే ఐటీ దంపతులకూ, బెళ్ళందూరులో అపార్టుమెంటు కట్టే అనంతపురం కూలీకీ ఈ తికమక సమానమే. తేడా ఒకటే. మొదటివాళ్ళు తప్పు తలుపు తట్టినందుకు లాయరు ఫీజు పోగొట్టుకుంటారు, రెండోవాళ్ళు కూలి రోజులు పోగొట్టుకుంటారు.

బోర్డులు కన్నడంలో ఉంటాయి, లిపి మనకు దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదవొచ్చు. "మక్కళ కల్యాణ సమితి" అంటే బాలల సంక్షేమ సమితి. అందరూ సీడబ్ల్యూసీ అనో, ఉత్త "కమిటీ" అనో అంటారు. "బాల న్యాయ మండళి" అంటే నేరారోపణ ఉన్న పిల్లల బోర్డు. "జిల్లా మక్కళ రక్షణా ఘటక" అంటే ఇళ్ళకు వచ్చి విచారించే వాళ్ళ ఆఫీసు, డీసీపీయూ. "పోషకరు" అంటే తల్లిదండ్రులు, సంరక్షకులు. "ముచ్చళికె" అంటే హామీపత్రం, మన పాత దస్తావేజుల్లోని ముచ్చలికే. ఇంతవరకూ బాగానే ఉంటుంది. ఉత్తర్వు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అర్థమైనట్టే ఉంది కదా అని సంతకం పెట్టకండి. చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని పెట్టండి.

ముందు కమిటీ సంగతి. ఎక్కువమందికి పని పడేది దీనితోనే, అందరికంటే తక్కువ తెలిసింది కూడా దీని గురించే.

2015 నాటి బాల న్యాయ చట్టం కింద ప్రతి జిల్లాకూ కనీసం ఒక కమిటీ ఉండాలి. ఒక అధ్యక్షుడు లేక అధ్యక్షురాలు, నలుగురు సభ్యులు. వారిలో కనీసం ఒక మహిళ. వీళ్ళు జడ్జీలు కారు, అయినా ఈ ఐదుగురి బెంచికి మెజిస్ట్రేట్ అధికారాలున్నాయి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. ఎత్తైన పీట, బోను ఇవేవీ ఉండవు, ఉండకూడదని నియమాలే చెబుతాయి. గది మామూలుగా ఉంది కదా అని గొంతు పెంచితే మాత్రం నష్టం మీకే. ఇంట్లో తండ్రి ఎలా మాట్లాడతాడో వాళ్ళు అక్కడే చూస్తారు.

ఏ కమిటీ అనేది పిల్లవాడు ఎక్కడ దొరికాడన్నదాన్ని బట్టి మొదలవుతుంది, మీ ఇల్లు ఎక్కడన్నదాన్ని బట్టి కాదు. మెజెస్టిక్, యశ్వంతపురం, వైట్‌ఫీల్డ్, ఆనేకల్ అయితే బెంగళూరు నగర జిల్లా. దేవనహళ్ళి, హొసకోటె, నెలమంగల అయితే బెంగళూరు గ్రామీణ జిల్లా, దాని కమిటీ వేరు. అత్తిబెలె దాటి హోసూరులో దొరికితే రాష్ట్రమే మారిపోతుంది, అది కృష్ణగిరి జిల్లా కమిటీ. నగరంలో కమిటీ అంటే చాలామంది గుర్తుపట్టేది హోసూరు రోడ్డు వైపు, కిద్వాయి ఆసుపత్రి దగ్గరి ప్రభుత్వ బాలమందిరాల, అంటే పిల్లల్ని ఉంచే హోంల ప్రాంగణాన్ని. అయినా బయలుదేరే ముందు ఫోన్ చేసిన పోలీసునో, హోం సిబ్బందినో నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోండి. ఏ కమిటీ బెంచి? ఏ హోం? తర్వాతి సిట్టింగ్ ఏ రోజు? కేసు చూసే వర్కరు ఎవరు? ఈ నాలుగూ తెలియకుండా బస్సెక్కితే మొదటిరోజంతా గేట్ల దగ్గరే గడుస్తుంది.

పిల్లవాడు దొరికిన దగ్గర్నుంచి లెక్క ఇలా నడుస్తుంది. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోగా కమిటీ ముందు హాజరుపరచాలి. పోలీసే కానక్కరలేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 సిబ్బంది, రైల్వే పోలీసు, నర్సు, టీచరు, ఎవరైనా తీసుకురావచ్చు. పిల్లవాడు తనంతట తానే వచ్చినా తీసుకుంటారు. ఆ రోజు కమిటీ కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. కానీ చివరి నిర్ణయానికి కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. ఈ ముగ్గురి నిబంధన తెలియక చాలామంది ఒక మేడమ్ "సరే చూద్దాం" అన్నదాన్నే ఆర్డరుగా తీసుకుని ఊరికి ఫోన్ చేసేస్తారు. కాగితం చేతికొచ్చేదాకా అది ఆర్డరు కాదు.

హాజరుపరిచేటప్పుడు నింపేది 17వ నమూనా. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి, ఏ స్థితిలో దొరికాడన్నది అందులో ఉంటుంది. తర్వాత వైద్య పరీక్ష, ఆపైన తాత్కాలికంగా హోంకి ఆర్డరు. అనాథ అనో, వదిలేశారనో అనిపించే ఆరేళ్ళలోపు పసివాళ్ళను మామూలు హోంకి కాకుండా దత్తత సంస్థకు పంపుతారు. ఆ మాట విని "మా బిడ్డను దత్తతకు ఇచ్చేశారు" అని గుండెలు బాదుకోనక్కరలేదు. దత్తతకు అర్హుడని ప్రకటించాలంటే తల్లిదండ్రుల కోసం వెతకాలి, విచారణ ముగియాలి. రెండేళ్ళలోపు బిడ్డకు 2 నెలలు, పైబడిన వాళ్ళకు 4 నెలల గడువుంది. కానీ ఆ రోజులు మీ కోసం ఆగవు. ఎంత తొందరగా కమిటీ ముందుకొచ్చి "బిడ్డ మాది" అని రాతపూర్వకంగా చెబితే అంత మంచిది.

ఇక అసలు విషయం. కమిటీ ఉత్తర్వు దేని మీద నిలబడుతుందంటే సామాజిక విచారణ నివేదిక మీద. ఎస్.ఐ.ఆర్. అంటారు, 22వ నమూనా. కేస్ వర్కరో, ప్రొబేషన్ ఆఫీసరో ఇంటికి వచ్చి రాసేది. 15 రోజుల్లో పూర్తి కావాలి. మొదటి హాజరు నుంచి 4 నెలల్లో తుది ఉత్తర్వు రావాలి. ఆ నివేదికలో ఏముంటుందంటే, ఇంట్లో ఎవరెవరున్నారు, ఆదాయం ఎంత, పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, బడికి ఎప్పటిదాకా వెళ్ళాడు, ఎందుకు మానేశాడు, తండ్రి తాగుతాడా, కొడతాడా, ఇరుగుపొరుగు ఏమంటున్నారు, ఇంట్లోంచి ఎందుకు వెళ్ళిపోయాడు. తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు ఈ చివరి ప్రశ్న దగ్గరే జరుగుతుంది. "ఏమీ లేదు సార్, ఊరికే వెళ్ళిపోయాడు" అంటారు. పిల్లవాడు అప్పటికే ఒంటరిగా కమిటీకి అన్నీ చెప్పి ఉంటాడు, బెల్టు దెబ్బలతో సహా. రెండు మాటలూ పొసగకపోతే కమిటీకి వచ్చే అనుమానం పేదరికం మీద కాదు, అబద్ధం మీద. "కొట్టాను, ఇకపై కొట్టను, మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది, చూసుకుంటుంది" అన్న తండ్రికి పిల్లవాణ్ణి అప్పగించడం కమిటీకి తేలిక. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి దూరంగా ఉంచడం ఈ చట్టం ఉద్దేశం కాదు. ఇంటికి తిరిగి చేర్చడమే దాని మొదటి లక్ష్యం.

ఆంధ్రా, తెలంగాణ కుటుంబాలకు ఆలస్యం ఎక్కువగా అడ్రసు దగ్గర వస్తుంది. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి.

తండ్రి ఆధార్‌లో ధర్మవరం దగ్గరి ఊరు ఉంటుంది. కుటుంబం ఆరేళ్ళుగా సర్జాపుర రోడ్డులో లేబర్ షెడ్డులో ఉంటుంది. కమిటీ ఆధార్ చూసి, పిల్లవాడిది వేరే రాష్ట్రం అనుకుని, ఆ జిల్లా డీసీపీయూకి ఇంటి నివేదిక పంపమని రాస్తుంది. అక్కడి వర్కరు ఊరికి వెళ్తాడు, ఇంటికి తాళం. "ఇంట్లో ఎవరూ లేరు" అని రిపోర్టు. అది బెంగళూరు చేరి, మళ్ళీ సిట్టింగ్‌కి వచ్చేసరికి నెల గడిచిపోతుంది. దీనికి మందు మొదటి సిట్టింగ్‌లోనే ఉంది. "మేము ఉండేది ఇక్కడే, పిల్లవాణ్ణి ఉంచుకునేది ఇక్కడే, ఇంటి విచారణ ఇక్కడే చేయించండి" అని ఒక పేజీ అర్జీ ఇవ్వాలి. దానికి రుజువుగా ఉన్నవన్నీ జతచేయాలి. అద్దె అగ్రిమెంటు ఉంటే సరే. షెడ్డులో ఉండేవాళ్ళకు అది ఉండదు కాబట్టి, మేస్త్రీ లేదా కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద ఉత్తరం, కర్ణాటక కట్టడ కార్మికుల సంక్షేమ మండలి కార్డు, ఇక్కడి గ్యాసు పుస్తకం, తమ్ముడో చెల్లెలో ఇక్కడి అంగన్‌వాడీకో బడికో వెళ్తుంటే ఆ కాగితం. షెడ్డుకు దారి, దగ్గరి గుర్తు, పక్క షెడ్డువాళ్ళ ఫోన్ నంబరు కూడా రాయండి. వర్కరు వచ్చే రోజున ఒక పెద్దమనిషి ఇంట్లో ఉండాలి. ఆ రోజు కూలి పోతుంది, నిజమే. పోనివ్వండి.

దీనికి తలకిందుల పరిస్థితీ ఉంది. కుటుంబం ఊళ్ళోనే ఉంది, పిల్లవాడొక్కడే ఇక్కడ దొరికాడు. అప్పుడు చట్టంలోని 95వ సెక్షన్ పనిలోకి వస్తుంది. ఇక్కడి కమిటీ సొంత జిల్లా కమిటీతో సంప్రదించి, పిల్లవాడి మేలుకే అనుకుంటే, కాగితాలతో సహా అక్కడికి బదిలీ చేస్తుంది. వేరే రాష్ట్రమైతే, వీలును బట్టి, సొంత జిల్లా కమిటీకో ఆ రాష్ట్ర రాజధానిలోని కమిటీకో అప్పగించవచ్చు. ఆర్డరు అందిన 15 రోజుల్లో ప్రత్యేక బాలల పోలీసు విభాగం తోడుగా తీసుకెళ్ళాలి. ఆడపిల్ల అయితే మహిళా పోలీసు ఉండి తీరాలి. పోలీసు దొరక్కపోతే హోం సిబ్బందినో డీసీపీయూ వాళ్ళనో పంపమని కమిటీ చెప్పవచ్చు. పని ఆగేది తరచుగా ఈ ఎస్కార్టు దగ్గరే. ఆర్డరు ఉంటుంది, తీసుకెళ్ళే మనిషి ఉండడు. "పోలీసు దొరకలేదంటున్నారు, హోం నుంచి ఎస్కార్టు ఇప్పించండి" అని అడిగే హక్కు మీకుంది. రాతలో అడగండి.

జిల్లా పేరు కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. కదిరి, హిందూపురం, ధర్మవరం, పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పాత ఆధార్‌లో, పాత రేషన్ కార్డులో అనంతపురం అనే ఉంటుంది. ఉత్తరం అనంతపురం ఆఫీసుకు వెళ్ళి, అక్కడి నుంచి పుట్టపర్తికి మళ్ళి, వారాలు తినేస్తుంది. అర్జీలో ఊరు, మండలం, కొత్త జిల్లా, గ్రామ సచివాలయం పేరు, అంగన్‌వాడీ టీచరు ఫోన్ నంబరు ఉంటే ఆ దారి తప్పదు.

ఇంకో చిక్కు మన పేర్లు. ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు, మధ్యలో కులం మాట ఉండడం, లేకపోవడం. బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువీకరణలో ఇంకొకటి. కర్ణాటక ఆఫీసుల్లో ఊరిపేరో తండ్రిపేరో పొడి అక్షరంగా రాసే అలవాటు కాబట్టి, మన ఇంటిపేరు వాళ్ళకు తండ్రి పేరులా కనిపిస్తుంది. "ఈ తండ్రి ఆ తండ్రేనా" అన్న ప్రశ్న వస్తుంది. రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ ఒకటి, పిల్లవాడితో కలిసి దిగిన పాత ఫోటోలు, టీకాల కార్డు పట్టుకెళ్ళండి. టీకాల కార్డును తక్కువగా చూడకండి. నేను చెప్పే కాగితాల్లో దానికి చాలా పై స్థానం ఇస్తాను. తల్లి పేరు, తేదీలు, ఊరు అన్నీ ఒకేచోట, పదేళ్ళనాటి సిరాతో ఉంటాయి. అంత పాత కాగితాన్ని ఎవరూ నిన్న రాత్రి పుట్టించలేరు.

వయసు విషయంలో వరస స్థిరంగా ఉంది. మొదట బడి ఇచ్చిన జనన తేదీ ధ్రువీకరణ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన ధ్రువీకరణ. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అదీ 15 రోజుల్లో. ఆధార్ ఈ వరసలో లేదు. "ఆధార్‌లో పద్దెనిమిది నిండాయి, వదిలేయండి" అని వాదించేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

పిల్లల్ని తేవడానికి బాబాయో మేనమామో వస్తే కమిటీ సాధారణంగా ఒప్పుకోదు. తల్లిదండ్రులే రావాలి. వాళ్ళు లేకపోతే ఎందుకు లేరో కాగితం కావాలి, అంటే మరణ ధ్రువీకరణో, గల్ఫ్‌లో ఉంటే వీసా నకలో. అప్పుడు కూడా బంధువు ఇంటికి వేరే విచారణ జరుగుతుంది. అమ్మమ్మ, తాతయ్యలకు ఇస్తే పర్యవేక్షణ షరతు పెడతారు.

ఆడపిల్ల విషయంలో మనవాళ్ళు మాట్లాడటానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. పదిహేనేళ్ళ పిల్ల ఇంటి నుంచి వచ్చేసింది, మేనమామకిచ్చి చేస్తామంటున్నారని కమిటీకి చెప్పింది. బాల్యవివాహ ముప్పున్న పిల్ల ఈ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లే. "మా ఆచారం, మేనరికం, నిశ్చితార్థం అయిపోయింది" అన్న మాట అక్కడ పనికిరాకపోవడమే కాదు, ఎదురు తిరుగుతుంది. కర్ణాటకలో రాష్ట్ర సవరణ వల్ల బాల్యవివాహం మొదటి నుంచే చెల్లదు. పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చేయబోమని ముచ్చళికె రాయించుకుంటారు. బడిలో చేర్పించిన రుజువు అడుగుతారు. ఆ పిల్ల "నేను ఇంటికి వెళ్ళను" అంటే ఆ మాటకు బరువుంటుంది. సిట్టింగ్ బయట కారిడార్‌లో అత్తలూ పిన్నులూ చుట్టుముట్టి ఏడ్చి ఒప్పించాలని చూస్తే వర్కర్లు అది కూడా రాసుకుంటారు.

పిల్ల ఒక కుర్రాడితో దొరికితే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసు నడుస్తుంది, అది వేరే దారి. పోలీసులు 24 గంటల్లో కమిటీకి తెలపాలి. ఆరోపణ ఇంట్లోవాళ్ళ మీదే అయితే, పిల్లను ఆ ఇంటి నుంచి తప్పించాలా అన్నది కమిటీ 3 రోజుల్లో తేల్చాలి. పెద్దమనుషుల పంచాయితీతో ఇది ముగియదు, దానికి ప్రయత్నించినవాళ్ళే సాక్షుల్ని బెదిరించినవాళ్ళుగా మిగులుతారు.

అపార్టుమెంట్లలోని మనవాళ్ళకు ఒక మాట. ఊరి నుంచి తెచ్చిన "పనిపిల్ల" కూడా ఇదే కమిటీ ముందుకు వస్తుంది. 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం నేరం. 6 నెలల నుంచి 2 ఏళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. పిల్లల్ని కట్టుబానిసలా ఉంచినా, వాళ్ళ సంపాదన చేతికివ్వకుండా పట్టుకున్నా బాల న్యాయ చట్టం 79వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా జైలు, లక్ష జరిమానా. "మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం, జీతం వాళ్ళ నాన్నకు పంపుతాం" అనేది సమర్థింపు అనుకుంటారు. జీతం పిల్ల చేతికి రావడంలేదని ఒప్పుకున్నట్టే అది. ఆసుపత్రిలో ఎవరో వద్దనుకున్న పసిబిడ్డను నేరుగా తెచ్చుకోవడమూ అంతే. చట్టం దారి తప్పి చేసే దత్తతకు 3 ఏళ్ళ దాకా జైలు ఉంది, డబ్బు చేతులు మారితే అది బిడ్డను కొనడం కిందకే వస్తుంది.

కమిటీ ముందు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గేటు దగ్గర "నేను విడిపిస్తా" అని డబ్బు అడిగేవాడు ఏ స్థాయివాడైనా మోసగాడే. సాయం కావాలంటే 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సేవ దొరుకుతుంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. తెలుగు తప్ప రాకపోతే మొదటిరోజే చెప్పండి. అరకొర కన్నడంలో ఇచ్చిన వాంగ్మూలం తర్వాత దిద్దడం కష్టం. పిల్లవాడు దొరికాక వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫోటోను వెనక్కి తీయించండి. కమిటీ ముందున్న పిల్లల పేరు, ఫోటో, బడి బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. మీ వీధి గ్రూపు అడ్మిన్‌కు ఇది తెలిసి ఉండదు.

ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో పిల్లల కోర్టుకు అప్పీలు చేయవచ్చు, దానిపై హైకోర్టులో రివిజన్. నకలు ఆర్డరు వచ్చిన రోజే అడగండి, 30 రోజులు మీరనుకున్నంత పొడుగు కాదు. ఇంటికి పంపిన తర్వాత కూడా వర్కర్లు వచ్చి చూస్తారు. ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72 వేలు, మిగతా చోట్ల 96 వేలు దాటని కుటుంబాలకు కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద పిల్లవాడికి నెలకు 4 వేల స్పాన్సర్‌షిప్ ఉంది. ఒంటరి తల్లులు దీన్ని అడగడం మరిచిపోతుంటారు. నోరు తెరిచి అడిగితేనే దరఖాస్తు కదులుతుంది.

బాల న్యాయ మండలి గురించి కొద్దిగా చాలు. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుంచాలి. బెయిలు ఇవ్వడమే నియమం, కాదంటే కారణం రాయాలి. తల్లిదండ్రులు ఆ రాత్రి చేయాల్సిన పని స్టేషన్‌లో బతిమాలడం కాదు, బడికి వెళ్ళి జనన తేదీ కాగితం సంపాదించడం. 16 నిండాయా లేదా అన్నదాని మీద, ఘోరమైన నేరమైతే, మొత్తం దారే మారుతుంది.

ఇక ఆలుమగల తగువు. బెంగళూరులో ఫ్యామిలీ కోర్టు సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో ఉంది, మీడియేషన్ సెంటరూ అక్కడే. భార్య పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయిందనో, భర్త లాక్కున్నాడనో కమిటీకి పరిగెత్తేవాళ్ళున్నారు. కస్టడీ తేల్చే అధికారం కమిటీకి లేదు. పిల్లవాడికి ప్రమాదం ఉంటే తప్ప అక్కడ పని లేదు. అబద్ధపు ప్రమాదం చెబితే అది తర్వాత ఫ్యామిలీ కోర్టులో మీ మీదకే తిరుగుతుంది.

కేసు ఎక్కడ వేయాలంటే పిల్లవాడు మామూలుగా నివసించే చోట. ఇది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మాట. అందుకే గొడవ ముదరగానే ఒకరు పిల్లవాణ్ణి హైదరాబాదో కర్నూలో తీసుకెళ్ళి అక్కడి బడిలో చేర్చేస్తారు. కొన్ని వారాల మకాంతో నివాసం మారిపోదు, కానీ ఎదుటివాళ్ళు నెలల తరబడి ఊరుకుంటే మారినట్టే కనిపిస్తుంది. ఊరుకోకండి. బెంగళూరు బడి ఫీజు రసీదులు, హాజరు పట్టిక, పిల్లల డాక్టరు చీటీలు అప్పుడే తీసి దాచండి. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అందులోనే అడగవచ్చు. అయిదేళ్ళలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర అని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది, ఆ "సాధారణంగా" అన్న మాటను ఇద్దరి లాయర్లూ చెరోవైపు లాగుతారు. చివరికి చూసేది బిడ్డ క్షేమం. జీతం ఎక్కువ ఉన్నవాడికే బిడ్డ అనుకోవడం మన ఐటీ తండ్రులకు పెద్ద భ్రమ. బడి నుంచి సాయంత్రం మూడున్నరకు ఎవరు తెస్తారు, జ్వరం వస్తే ఎవరు సెలవు పెడతారు, ఇలాంటివి అడుగుతారు. జీతం సంగతి భరణం దగ్గర వస్తుంది. అక్కడ 2020 నాటి సుప్రీంకోర్టు రజనేష్ - నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తి, ఆదాయ అఫిడవిట్ వేయాలి.

జడ్జి పిల్లవాడితో చాంబర్‌లో మాట్లాడతారు. నేర్పించి పంపకండి. ఏడేళ్ళ పిల్ల "నా సర్వతోముఖాభివృద్ధి" అంటే ఎవరు నేర్పారో తెలియనంత అమాయకులెవరూ అక్కడ లేరు.

తుది తీర్పుకు ఏళ్ళు పడుతుంది కాబట్టి అసలు యుద్ధం మధ్యంతర విజిటేషన్ ఆర్డరు మీదే. "వారాంతాల్లో చూడనివ్వాలి" అని వదులుగా రాయించుకుంటే ప్రతి శనివారం తగువే. ఏ వారాలు, ఎన్నింటికి, ఎక్కడ అప్పగించాలి, ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలి, వీడియో కాల్ ఏ రోజు ఏ టైముకు, పిల్లవాడికి ఒంట్లో బాగాలేకపోతే బదులు రోజు ఏది, ఇవన్నీ అర్జీలోనే రాయండి. పండగల దగ్గర మన తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కుంది. ఊళ్ళో సంక్రాంతి అంటే మూడు రోజులు, తాతగారిల్లు, కోడిపందేలు, అరిసెలు. బెంగళూరు బడికి అది ఒక్కరోజు సెలవు. ఇక్కడ పొడుగు సెలవులు దసరాకు. "సంక్రాంతి సెలవులు తండ్రికి" అని రాయించుకున్నవాడికి దక్కేది ఒక పూట, రైలు ఎక్కి దిగడానికే చాలదు. కాబట్టి బడి క్యాలెండర్ నకలు జతచేసి, సంక్రాంతికి ముందు, తర్వాత కలిపి ఇన్ని రోజులు, బడి మానిపించడానికి ఇద్దరి సమ్మతి, దసరా సెలవులు సగం సగం, వేసవిలో ఎవరికి మొదటి సగం అని తేదీలతో అడగండి. ఆర్డరు వచ్చాక ధ్రువీకరించిన నకలు ఒకటి బడి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. సాయంత్రం గేటు దగ్గర పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలో నిర్ణయించేది ఆ వాచ్‌మన్, అతనికి మీ కేసు నంబరు తెలియదు.